రాయని పర్మిట్

పోయిన నెల మా ఆడబిడ్డ మనవరాలి పెళ్ళికని జగదల్‌పూర్‌లో పొద్దున్నే బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికిన సంతోషంలో కొంటా దాకా చెట్లూ చేలూ చూసుకుంటూ పోదామనుకున్న దాన్ని, ఒక మలుపు దగ్గర ఉన్నట్టుండి లేచి నిలబడ్డాను. పక్కనున్నావిడ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, దిగాల్సిన ఊరు దాటిపోయిందా అని హిందీలో అడిగింది. ఊరు దాటలేదు. రోడ్డు పక్కనే ఉండే మా పాత సబ్‌స్టేషన్ కంట్రోల్ రూమును పడగొట్టేస్తున్నారు. పెంకులు ఒక కుప్ప, ఇటుకలు ఒక కుప్ప, నేను అన్నేళ్ళు ఎదురుగా కూర్చున్న ఆకుపచ్చ ఇనుప ప్యానెళ్ళు వానకు తడుస్తూ బురదలో వెల్లకిలా పడి ఉన్నాయి. బస్సు ఆగలేదు, నేనూ ఆపమనలేదు. కానీ పెళ్ళివారింట అందరూ పలకరిస్తున్నా నా చెవిన ఒక్క మాటా పడలేదు. ఇంటికి తిరిగి వచ్చాక ఇది రాయకుండా ఉండలేనని తెలిసింది.

ఆ ఊరి పేరు మాత్రం చెప్పను. ఈ కథలోని వాళ్ళు చాలామంది పోయారు గానీ వాళ్ళ పిల్లలు ఉన్నారు.

నేను పుట్టింది కొంటాలో, శబరి ఒడ్డున. మా నాన్న పడవ నడిపేవాడు. బడిలో హిందీ, బజారులో దొర్లీ, హల్బీ, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు మాత్రం మా నాన్నే పడవ చెక్క మీద బొగ్గుతో రాసి దిద్దించాడు. ఏరు పొంగి పడవ కట్టేసిన రోజులే నాకు తెలుగు బడి రోజులు. పదో తరగతి గట్టెక్కిన ఆడపిల్ల మా వాడలో నేనొక్కదాన్నే కావడంతో, కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా ఉన్న అబ్బాయి సంబంధం వస్తే చదువుకున్న దానికి చదువుకున్న వాడు దొరికాడని మా వాళ్ళు మురిసిపోయారు. ఆయనది సరిహద్దు పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇల్లు. అప్పటికి మాది ఇంకా మధ్యప్రదేశే.

మా ఆయన నిదానస్తుడు. చెప్పులు తిరగేసి దులిపి గాని కాలు పెట్టేవాడు కాదు. ఎక్కడికి వెళ్ళినా చెప్పి వెళ్ళడం ఆయనకొక అలవాటు, పెరట్లో బావి దగ్గరికి వెళ్ళినా సరే, ఇదుగో బావికాడికి పోతున్న అని ఒక కేక వేసి పోయేవాడు. పెళ్ళైన కొత్తలో నాకు నవ్వొచ్చేది. చిన్నప్పుడే తండ్రి పోవడంతో, కొడుకు ఎటు పోయాడోనని మా అత్త పడే బెంగ చూసి చూసి వచ్చిన అలవాటు అది.

ఆ ఆఫీసులో తెలుగు మాట్లాడేవాళ్ళు ఇద్దరే, ఒకరు మా ఆయన, ఇంకొకరు సబ్‌స్టేషన్ ఆపరేటరు. ఆపరేటరుది విజయనగరం వైపు పల్లె. భార్యాబిడ్డల్ని సొంతూళ్ళో ఉంచి ఒంటరిగా ఉండేవాడు. మా ఆయన కంటే పదిహేనేళ్ళు పెద్ద కాబట్టి ఆయన అన్నా అని పిలిచేవాడు, నాకు బావగారయ్యాడు. ఆదివారం మా ఇంట్లోనే భోజనం. మా అత్త వండే ఎండుచేపల పులుసు కోసం వారమంతా ఎదురు చూస్తానని చెప్పి, మా పాపను భుజం మీద ఎక్కించుకుని సంతంతా తిప్పి తెచ్చేవాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అతను చెడ్డవాడని అనుకుని మీరు చదవకూడదు. అలా అనుకోగలిగి ఉంటే నా బతుకు ఎంత తేలికయ్యేదో.

తొలకరి వానలు పడ్డ వారంలో, ఒక పల్లెకు పోయే లైను మీద చెట్టు కొమ్మ విరిగి పడింది. మా ఆయన పొద్దున్నే సైకిలు మీద వెళ్ళాడు. మధ్యాహ్నం వంట చేసి పాపకు తినిపిస్తూ ఉండగా ఆఫీసు జీపు మా వాకిట్లో ఆగింది. దిగినవాళ్ళు మా ఆయన సైకిలు దింపి గోడకు ఆనించారు. స్తంభం మీద ఉండగా లైనులోకి కరెంటు వచ్చిందని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, పాపకు మూడేళ్ళు.

ఇక్కడ మా పని సంగతి కొంత చెప్పాలి. లైను మీద ఎక్కాలంటే లైన్‌మన్ ముందు సబ్‌స్టేషన్‌కు వచ్చి పర్మిట్ పుస్తకంలో సంతకం పెడతాడు. ఆపరేటరు ఆ లైనుకు కరెంటు ఆపి, హ్యాండిల్‌కు ఎర్ర బోర్డు తగిలించి, చీటీ చింపి చేతికిస్తాడు. పని ముగించుకుని అదే మనిషి అదే చీటీ తెచ్చి వెనక్కి ఇచ్చేదాకా, దేవుడే దిగొచ్చి అడిగినా మళ్ళీ కరెంటు వదలకూడదు. విచారణకు వచ్చిన పెద్దలు ఆ పుస్తకం తెరిచి చూశారు. ఆ రోజు పేజీలో మా ఆయన సంతకం లేదు. లైన్‌మన్ ఎవరికీ చెప్పకుండా, పర్మిట్ లేకుండా స్తంభం ఎక్కాడని, తప్పు అతనిదేనని రాసుకుపోయారు. పని చేసే చోట, పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా తీగలకు తగిలించే గొలుసు ఎందుకు లేదని కూడా రాశారు. ఉన్న ఒక్క గొలుసూ ఆ వారం వేరే గ్యాంగు పట్టుకుపోయిందని మాత్రం రాయలేదు.

మా అత్త ఆ కాగితంలో ఏముందో నా చేత రెండుసార్లు చదివించుకుంది. తర్వాత ఒకటే మాట అంది.

"నా కొడుకు బావికాడికి పోతే చెప్పి పోయేటోడు. స్తంభమెక్కేటప్పుడు చెప్పకుంట ఎక్కిండా?"

అప్పుడు నేను ఆ మాట వినిపించుకోలేదు. నిజం చెప్పాలంటే నాకు ఆయన మీదే కోపం వచ్చింది. ఒక్క సంతకం పెట్టి ఉంటే బతికేవాడు కదా అని, పాపను నిద్రపుచ్చుతూ కూడా ఆయన్ని మనసులో తిట్టుకునేదాన్ని. ఆ పాపం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

తప్పు ఎవరిదైనా ఉద్యోగంలో ఉండగా పోయాడు గనుక, అనుకంపా కింద, అంటే కారుణ్య నియామకంగా, భార్యకు ఉద్యోగం ఇవ్వవచ్చునన్నారు. ఆ కాగితం కోసం ఏడాదిన్నర జగదల్‌పూర్ ఆఫీసు చుట్టూ తిరిగాను. మా అత్త అడవికి పోయి చింతపండూ ఇప్పపూలూ ఏరి సంతలో అమ్మి మమ్మల్ని సాకింది. చివరికి ఆర్డరు వచ్చింది. ఏడాది పాటు సబ్‌స్టేషన్‌లో పని నేర్చుకోవాలి, నేర్పినవాడు ఈమె ఒంటరిగా డ్యూటీ చేయగలదని రాసి సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే లేదు. ఖాళీ ఉన్నది ఆ సబ్‌స్టేషన్‌లోనే. నేర్పేవాడు బావగారు.

ఆయన పోయిన తర్వాత బావగారు మా ఇంటికి రాలేదు. కర్మనాడు కూడా గుమ్మం బయటే నిలబడి వెళ్ళిపోయాడు. తన డ్యూటీలో అలా జరిగింది కాబట్టి బాధపడుతున్నాడులే అనుకున్నాను. నేను పనిలో చేరిన రోజు, కుర్చీలోంచి లేచి నిలబడి, తల ఎత్తకుండానే రిజిస్టరు నా వైపు జరిపాడు.

నేర్పడంలో అతను రాక్షసుడు. గంటగంటకూ మీటర్లు చూసి అంకెలు రాయడం, బ్యాటరీ గదిలో యాసిడ్ ఘాటుకు కళ్ళు మండుతున్నా నీళ్ళు పోయడం, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గాజు గొట్టంలో నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగాయంటే తేమ చేరిందని గుర్తుపట్టడం, చేతి తొడుగుల్లోకి గాలి ఊది ఎక్కడైనా చిల్లుందేమో చెంప దగ్గర పెట్టుకుని చూడడం, అన్నీ నేర్పాడు. అన్నిటికంటే ఎక్కువగా పర్మిట్ రాయించాడు. లైను పేరు, ఎక్కే మనిషి పేరు, ఆపిన టైము, ఎవరు ఆపారు, ఎక్కడ బోర్డు తగిలించారు. పాత కాగితాల వెనక వైపున రోజుకు ఇరవైసార్లు రాయించేవాడు. ఒక్క గడి ఖాళీ వదిలితే కాగితం చింపేసి మళ్ళీ మొదటి నుంచి రాయమనేవాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే కూలీలు యార్డులో గడ్డి కోస్తూ నన్ను చూసి జాలిపడేవాళ్ళు. అన్నం మాత్రం నా ఎదుట ఎప్పుడూ తినేవాడు కాదు, డబ్బా పట్టుకుని యార్డు చివరికి పోయేవాడు. విధవ ఎదురుగా కూర్చుని తినడం ఇష్టం లేదేమోననుకుని, కన్నీళ్ళు మింగి నా ముద్ద నేను తినేదాన్ని.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. మళ్ళీ వానలు ముమ్మరంగా పడుతున్నాయి.

ఆ రోజు మధ్యాహ్నం అదే పల్లె లైను మీద పనికి ఒక లైన్‌మన్ వెళ్ళాడు. దొర్ల తెగవాడు, మా ఆయనతో కలిసి పనిచేసినవాడే. పర్మిట్ నా చేత్తోనే రాసిచ్చాను, బోర్డు నేనే తగిలించాను. బావగారు బ్యాటరీ గదిలో ఉన్నాడు. ఫోను మోగింది. మాట్లాడింది మా పై ఆఫీసరు. అదే లైను మీదున్న రెస్ట్ హౌసులో పెద్దవాళ్ళెవరో దిగారట, అక్కడ కరెంటు లేదు, వెంటనే లైను వెయ్యమన్నాడు. పర్మిట్ బయట ఉంది సార్ అన్నాను. ఆ మనిషి ఎప్పుడో దిగిపోయాడని నాకు కబురు వచ్చింది, చీటీ సాయంత్రం తెచ్చిస్తాడు, నువ్వు ముందు వెయ్యి అన్నాడు. చీటీ రాకుండా ఎలా సార్ అంటే గొంతు పెంచి, అనుకంపా మీద వచ్చినదానివి నాకు రూల్సు చెబుతావా, రేపటి నుంచి రానక్కర్లేదు అన్నాడు.

దిగిపోయాడన్నాడు కదా. ఆఫీసరే అన్నాడు కదా. ఇంట్లో పాప, మా అత్త, బస్తాలో అడుగంటిన బియ్యం, ఇవన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. రిసీవరు బల్ల మీద పెట్టి లేచాను. ఎర్ర బోర్డు తీసి పక్కన పెట్టాను. హ్యాండిల్ మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది ఆ ఇనుము, ఆ చలి ఇప్పటికీ అరచేతిలో ఉంది.

వెనక నుంచి బావగారు వచ్చి నా మణికట్టు పట్టుకుని లాగేశాడు. అతని గోరు గీరుకుని నెత్తురు వచ్చింది.

"వొగ్గీ అమ్మా, చెయ్యి వొగ్గీ. ఆ రోజు నాను ఏసినట్టే నువ్వూ ఏసేస్తావా?"

అన్నాక, తను ఏమన్నాడో తనకే అప్పుడు తెలిసినట్టుంది. బల్ల మీద రిసీవరులోంచి ఆఫీసరు గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. బావగారు దాన్ని తీసి పెట్టేశాడు. బోర్డు మళ్ళీ హ్యాండిల్‌కు తగిలించాడు. తర్వాత ప్యానెల్‌కు వీపు ఆనించి అలాగే నేల మీద కూలబడి చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ రోజు పొద్దున మా ఆయన వచ్చి, అన్నా, పల్లె లైను ఎక్కుతున్నానని చెప్పాడట. ఆయన ఎదుటే ఇతను లైను ఆపాడట. పర్మిట్ పుస్తకం అయిపోయింది, కొత్తది జగదల్‌పూర్ నుంచి రావాలి. వచ్చాక రాసుకుందాంలే, మనం మనం కదా అన్నది ఇతనే. బోర్డు కూడా తగిలించలేదు. రెండు గంటలు గడిచాక ఇలాగే ఫోను వచ్చింది, ఇదే గొంతు, ఇదే మాట, మనిషి దిగిపోయాడని కబురు వచ్చిందని. ఇతను వేశాడు. సాయంత్రం ఆఫీసరు వచ్చి, పుస్తకంలో లేని పర్మిట్ ఇవ్వలేదనే లెక్క, నువ్వు నోరు విప్పితే ఇద్దరం జైలుకు పోతామన్నాడు. ఆ పైన వచ్చిన కొత్త పుస్తకంలో ఆ తేదీ వేసి, పేజీ ఖాళీగానే వదిలేశారట.

నాకు ఏడుపు రాలేదు. అరవలేదు. అతన్ని కొట్టాలనీ, చంపాలనీ ఎంతో అనిపించి ఉండాల్సింది, కానీ నేను నెత్తురు కారుతున్న నా చేతినే చూసుకుంటున్నాను, అది ఇందాక హ్యాండిల్ మీద ఉన్న చెయ్యి. అతనికీ నాకూ మధ్య తేడా ఏమిటి అంటే, అతన్ని లాగేవాళ్ళు ఆ రోజు ఎవరూ లేరు, అంతే. ఆ సంగతి నాకు తెలిసిపోవడమే నా దురదృష్టం. తెలియకపోయి ఉంటే కడుపారా ద్వేషించుకునేదాన్ని.

నాలుగింటికి దొర్ల లైన్‌మన్ తడిసి ముద్దయి వచ్చాడు. అతను దిగి అరగంటే అయిందట. చీటీ వెనక్కిచ్చి, సంతకం పెట్టి, నీళ్ళు తాగి, చెట్టు మీద ఎర్రచీమలు ఒళ్ళంతా కుట్టాయని నవ్వుతూ చెప్పి, మా వైపు అందరూ తినేదే గనుక, ఆకులో చుట్టి తెచ్చిన చీమల గూడు పచ్చడి చేసుకోమని నా చేతిలో పెట్టి వెళ్ళాడు. మేమిద్దరం అతని వైపే చూస్తూ ఉండిపోయాం.

ఇంటికెళ్ళి మా అత్తతో చెప్పాను. ఆమె పొయ్యి ముందు నుంచి లేవలేదు. అతన్ని కాగితం మీద రాసిమ్మను అంది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నేను మళ్ళీ ఆ గదిలోకే అడుగుపెట్టాను. వేరే దారి లేదు. రానక్కర్లేదన్న ఆఫీసరు, ఆ లైన్‌మన్ అప్పటికి దిగనే లేదని తెలిశాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ మనిషి పక్కనే కూర్చుని అంకెలు రాశాను. నాలుగు నెలల శిక్షణ మిగిలి ఉంది, చివర్లో సంతకం పెట్టాల్సిన చెయ్యి అతనిదే. ఆ నాలుగు నెలలు ఎలా గడిచాయో ఎవరికైనా చెప్పినా అర్థం కాదు. నా భర్తను చంపిన చెయ్యి అని చూస్తాను, పక్క క్షణంలో నన్ను ఆపిన చెయ్యి అని చూస్తాను. రెండూ ఒకటే చెయ్యి, పెన్ను పట్టుకుని నా తప్పులు దిద్దుతూ ఉండేది. రాసివ్వమని మూడుసార్లు అడిగాను. రాస్తానమ్మా అనేవాడు. సొంతూళ్ళో పక్షవాతంతో ఉన్న తండ్రి గురించి చెప్పేవాడు. మూడోసారి నేను కాగితమూ పెన్నూ ముందు పెడితే, వాటి వంక చూస్తూ డ్యూటీ దిగేదాకా కూర్చున్నాడు గాని రాయలేదు. నేను ఒక్కదాన్నే ఫిర్యాదు ఇస్తే, సాక్ష్యం లేని మాటకు ఉన్న ఉద్యోగం ఊడుతుందని జగదల్‌పూర్‌లో ఒక పెద్ద గుమాస్తా మెల్లగా చెప్పాడు. ఆఫీసరు ప్రమోషన్ మీద అప్పటికే వేరే ఊరు వెళ్ళిపోయాడు.

శిక్షణ ముగిసిన రోజు నా కాగితం మీద, ఈమె ఒంటరిగా డ్యూటీ చేయడానికి అన్ని విధాలా అర్హురాలు అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. దాన్ని చించి అతని మొహాన కొట్టాలనిపించింది. మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను. నెల తిరక్కుండా అతను అడిగి బదిలీ చేయించుకుని గనుల వైపు వెళ్ళిపోయాడు.

తర్వాత పద్దెనిమిదేళ్ళు. పాప పెద్దదై నర్సయింది. రాష్ట్రం రెండైంది. ఒకరోజు పొద్దున, తల పూర్తిగా నెరిసిన ముసలాయన మా వాకిట్లో నిలబడ్డాడు. ఆ వారమే రిటైరయ్యాడట. చేతిలో నాలుగు పేజీల కాగితం, జరిగిందంతా తన చేతిరాతతో. ఒక ప్రతి ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకుని వచ్చాడు. మా అత్తకు అప్పటికి చూపు మందగించింది. ఎవరని అడిగితే నేను చెప్పాను. అతను ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని మొత్తం చదివాడు. మా అత్త వింటూ ఉంది. అయ్యాక, అతని తల మీద చెయ్యి పెడుతుందేమోనని నాకు అనిపించింది. పెట్టలేదు.

"ఇన్నేండ్లు అన్నం ఎట్ల తిన్నవు బిడ్డా?" అంది.

అతను కాగితాలు మడిచి మంచం మీద పెట్టాడు. లేచి వెళ్ళిపోయాడు. నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇవ్వాలనే గ్లాసు తీశాను గాని, మళ్ళీ బోర్లించేశాను.

ఆ కాగితం పట్టుకుని జగదల్‌పూర్, రాయ్‌పూర్ అన్నీ తిరిగాను. రాష్ట్రం విడిపోయినప్పుడు పాత విచారణ ఫైళ్ళు ఎటు పోయాయో తెలియదని, అసలు ఫైలు లేకుండా దాన్ని మార్చడానికి వీల్లేదని ఆఖరికి ఒక ఉత్తరం వచ్చింది. అది వచ్చేలోపే మా అత్త పోయింది. మరుసటి ఏడు బావగారు కూడా పోయాడని అతని కొడుకు ఫోన్ చేశాడు. నేను వెళ్ళలేదు.

ముప్పై ఐదేళ్ళ పైబడిన నా సర్వీసులో నేను పర్మిట్ ఇచ్చిన ఏ మనిషీ స్తంభం మీద పోలేదు. ఈ మాట గర్వంగా చెప్పుకోవాలని చాలాసార్లు అనుకున్నాను, ఎప్పుడూ నోటిదాకా రాలేదు. ఇప్పుడు పర్మిట్‌కు ఫోనులో నంబరు వస్తోంది. లైను ఏ నిమిషానికి ఆగింది, ఏ సెకనుకు మళ్ళీ వచ్చింది, ఎవరు వేశారు, అంతా యంత్రమే రాసుకుంటోంది. కొన్నిచోట్ల గదిలో మనుషులే ఉండరు. హెల్మెట్లు పెట్టుకున్న ఆడపిల్లలు అప్రెంటిస్‌గా వస్తున్నారు, ఎవరి భార్యవని వాళ్ళను ఎవరూ అడగడం లేదు. మంచిదే, అంతా మంచికే మారింది. అలాంటి యంత్రం ఆనాడు ఉండి ఉంటే ఆ సాయంత్రానికే నిజం బయటపడేది, మా ఆయన మీద ఆ మచ్చ ఉండేది కాదు, నేను ఆయన్ని అన్యాయంగా తిట్టుకుని ఉండేదాన్ని కాదు. కానీ అప్పుడు నాకు పని నేర్పేవాడు వేరెవరో అయ్యేవాడు, ఆ వానాకాలం మధ్యాహ్నం ఆ ఇంకెవరో నా చెయ్యి పట్టుకుని లాగేవాడో లేదో. ఈ రెండిట్లో ఏది జరిగి ఉండాలని కోరుకోవాలో ఎన్ని పొద్దులు కూర్చుని ఆలోచించినా నాకు తేలలేదు. అడుగుదామంటే, అప్పటివాళ్ళు ఎవరూ మిగల్లేదు.